ప్రపంచాన్ని పదమూడు కుటుంబాలు నడుపుతున్నాయంటున్న చిన్నాయనకు ఏం జవాబు చెప్పాలి?

దేవరకొండ దిక్కు నుంచి ఒక తమ్ముడు అడిగిన ముచ్చట ఇది. వాళ్ల చిన్నాయన పత్తి రైతు. ఊళ్లో పదిమంది ఆయన మాట వింటారట. కొంతకాలంగా ఇంటి గ్రూపులో రోజూ వీడియోలు పెడుతున్నాడు. ఇల్యూమినాటి అనే రహస్య సంఘం ఉందని, పదమూడు కుటుంబాలు అన్ని దేశాల ప్రభుత్వాలనూ ఆడిస్తున్నాయని, మన ఎన్నికలు వట్టి నాటకమని, డాలరు నోటు మీది కన్నే దానికి సాక్ష్యమని వాటి సారాంశం. "ఆయనను చిన్నబుచ్చకుండా ఎట్ల చెప్పాలె? ఇందులో నిజమెంత? దావోస్ సభ సంగతేంది?" అని తమ్ముడి ప్రశ్న.

సూటిగా చెప్తా. అట్లాంటి కూటమి లేదు. కానీ మీ చిన్నాయన కోపం ఉత్తది కాదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పగలిగితేనే ఆయన నీ మాట వింటాడు. నేను పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో విలేకరిగా పనిచేసి రిటైరైనవాణ్ని. కలెక్టరేట్, మార్కెట్ యార్డు, ప్రాజెక్టుల బీట్లు చూసిన అనుభవంతో చెప్తున్నా. మండలాఫీసులో పొద్దున జరిగిన రహస్య మీటింగు మధ్యాహ్నానికల్లా ఎదురుగా ఉన్న హోటల్లో చర్చకు వస్తుంది. వందల ఏళ్లుగా వేలమంది నోరు మూసుకుని ఒకే మాట మీద నిలబడ్డారంటే నాకు నమ్మబుద్ధి కాకపోవడానికి ఆ ఉద్యోగమే కారణం.

ముందు ఇల్యూమినాటి సంగతి. అది నిజంగానే ఉండేది. ఈ మాట నువ్వే ముందు ఒప్పుకో, లేకపోతే "చరిత్రల ఉన్నది, సదువుకోపో" అని చిన్నాయన నిన్ను అక్కడే ఆపుతాడు. 1776 మే 1న జర్మనీలోని బవేరియాలో, ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పే ఆడమ్ వైస్‌హాప్ట్ కొద్దిమంది విద్యార్థులతో దాన్ని మొదలుపెట్టాడు. చదువు మీద మతాధికారుల పెత్తనం పోవాలన్నది వాళ్ల పట్టుదల. మారుపేర్లు పెట్టుకున్నారు. వైస్‌హాప్ట్ తనకు స్పార్టకస్ అని పెట్టుకుంటే, మ్యూనిక్ నగరానికి ఏథెన్స్ అని పెట్టారు. కాలేజీ పిల్లల గుంపు చేష్టల్లాగే ఉంటాయి ఆ వివరాలు, అయితే పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా కొందరు చేరారు. బవేరియా పాలకుడు కార్ల్ థియోడోర్ 1784లో ఒకసారి, 1785లో ఇంకోసారి నిషేధించాడు. 1786లో త్స్వాక్ అనే సభ్యుడి ఇంటి మీద దాడి చేసి కాగితాలన్నీ పట్టుకున్నారు. మరుసటి ఏడు ప్రభుత్వమే వాటిని అచ్చు వేయించి బయటపెట్టింది. ఉత్తరాలు, మారుపేర్లు, లోపలి కొట్లాటలు, అన్నీ. వైస్‌హాప్ట్ ఉద్యోగం పోగొట్టుకుని గోథా అనే ఊళ్లో తలదాచుకుని, 1830లో అక్కడే పోయాడు.

పదేళ్లు నిండకముందే నిషేధానికి గురై, సొంత ఉత్తరాలే కాపాడుకోలేకపోయిన సంఘం అది. మరి ఇంత పేరెట్ల వచ్చింది? 1789లో ఫ్రెంచ్ విప్లవం వచ్చింది. రాజు తల తెగింది. ఖజానా ఖాళీ కావడం, రొట్టె ధర మండిపోవడం, పన్నుల భారమంతా పేదోడి మీదే పడటం కళ్లముందున్న కారణాలు. జనం తమంతట తామే తిరగబడ్డారంటే పెద్దలకు మింగుడుపడలేదు. 1797లో ఫ్రాన్స్ మతగురువు బార్యుయేల్, స్కాట్లండ్ ప్రొఫెసర్ రాబిసన్ ఎవరికి వారు పుస్తకాలు రాసి, ఇదంతా ఇల్యూమినాటి పనేనన్నారు. మరుసటి ఏడు అమెరికాలో ప్రచారకులు చర్చిల్లో అదే చెప్పి జనాన్ని భయపెట్టారు. అప్పటికి ఆ సంఘం చచ్చి పదేళ్లు దాటింది.

డాలరు నోటు ముచ్చట తొందరగా తేలిపోతుంది. పిరమిడ్డు కింద రోమన్ అంకెల్లో 1776 అని ఉంటుంది. వీడియోల్లో దానికి ఎర్రగీత చుట్టి "ఇల్యూమినాటి పుట్టిన సంవత్సరం" అంటారు. అదే ఏడాది జూలై 4న అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, ఆ అంకె దాని కోసం. పిరమిడ్డుకు పదమూడు వరసలు ఉండటానికి కారణం అప్పుడు అమెరికాలో పదమూడు రాష్ట్రాలు ఉండటమే. ఆ ముద్రను వాళ్ల కాంగ్రెస్ 1782లో ఆమోదించింది. నోటు మీదికి ఎక్కింది 1935లో. త్రికోణంలో కన్ను యూరప్ చర్చి బొమ్మల్లో అంతకు చాలా ముందు నుంచే దేవుడి చూపుకు గుర్తు. ఇక రహస్య సంఘమని వీడియోల్లో చెప్పే ఫ్రీమేసన్లు అనే పాత సోదర సంఘం అంటావా, హైదరాబాద్ గోషామహల్ బారాదరిలో వాళ్ల లాడ్జి, అంటే సమావేశ మందిరం, ఉందని పాతబస్తీలో ఎవరినడిగినా చెప్తారు.

ఆ పదమూడింటిలో ఒకటని చెప్పే రోత్‌షీల్డ్ కుటుంబం దగ్గర మాత్రం జర ఆగాలె. ఈ కథలో విషం ఉన్నది ఇక్కడే. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూదుల వాడలో పుట్టిన మేయర్ ఆమ్షెల్ రోత్‌షీల్డ్ కొడుకులు ఐదుగురు ఫ్రాంక్‌ఫర్ట్, వియన్నా, లండన్, నేపుల్స్, పారిస్‌లలో బ్యాంకులు నడిపారు. 19వ శతాబ్దంలో వాళ్లు నిజంగానే మహా ధనవంతులు, రాజులకు అప్పులిచ్చినవాళ్లు. 1815 వాటర్లూ యుద్ధాన్ని నేథన్ రోత్‌షీల్డ్ దగ్గరుండి చూసి, అందరికన్నా ముందు లండన్ చేరి, స్టాక్ మార్కెట్లో కోట్లు కొట్టేశాడన్నది వీడియోల్లో వచ్చే కథ. అది 1846లో పారిస్‌లో "సాతాన్" అనే మారుపేరుతో వచ్చిన కరపత్రం నుంచి పాకింది. నేథన్ అసలు ఆ యుద్ధభూమికి పోనేలేదు. ప్రపంచాన్ని నడిపే కుటుంబమే అయితే నేపుల్స్ బ్యాంకు 1863లో ఎందుకు మూతపడింది? మూలస్థానమైన ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకు 1901లో ఎందుకు మూసుకుంది? 1938లో నాజీలు వియన్నాలో లూయీ రోత్‌షీల్డ్‌ను పట్టుకుపోయి జైల్లో పెట్టి, ఆస్తులు రాయించుకున్నాకే వదిలారు. చిన్నాయనకు ఈ ఒక్క సంగతి చెప్పి, ఏమంటాడో విను.

అన్నిటికన్నా పెద్ద దొంగ కాగితం "ప్రోటోకాల్స్" అనేది. యూదు పెద్దలు కూర్చుని ప్రపంచాన్ని చేజిక్కించుకునే పథకం వేసినట్టు 1903లో రష్యాలో ఒక పత్రిక అచ్చువేసింది. 1921లో లండన్ టైమ్స్ విలేకరి ఫిలిప్ గ్రేవ్స్ దాని గుట్టు విప్పాడు. 1864లో మోరిస్ జోలీ అనే ఫ్రెంచ్ లాయర్ తమ చక్రవర్తి మూడో నెపోలియన్‌ను ఎద్దేవా చేస్తూ ఒక రచన చేశాడు. అందులో యూదుల ఊసే లేదు. దాంట్లోని పేరాలకు పేరాలు ఎత్తుకొచ్చి, మాట్లాడేవాళ్లను మార్చేశారంతే. గ్రేవ్స్ రెండింటినీ పక్కపక్కన అచ్చేసి చూపించాడు. విలేకరి పని అంటే అదీ! అయినా ఆగలేదు. కార్ల కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్ తన పత్రికలో అదే ప్రచారం నడిపి, 1927లో క్షమాపణ చెప్పాడు. హిట్లర్ మనుషులు బడిపిల్లలకు చెప్పించారు. ఆ తర్వాత అరవై లక్షల మంది యూదులను చంపారు. ఇప్పుడు తెలుగులో డబ్ అయి మీ ఇంటి గ్రూపులోకి వస్తున్న "పదమూడు కుటుంబాలు" ఆ పాత కథకే కొత్త బట్టలు. చిన్నాయన జీవితంలో ఒక్క యూదుణ్ని కూడా చూసి ఉండడు, ఆయనకు వాళ్ల మీద పగ ఏముంటుంది? కానీ ఆయన ముందుకు తోస్తున్న సరుకు మాత్రం అదే.

మన జిల్లాల్లో దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు, బాణామతి పేరుతో జరిగినవి ఎరిగినవాళ్లం. వాడలో పిల్లలకు వరసగా జ్వరాలొస్తాయి, బర్రె చస్తుంది, ఎవరో నెత్తురు కక్కుకుంటారు. ఊరు ఒకరి వైపు వేలు చూపిస్తుంది. అండలేని ముసలామెనో, దిక్కులేని కూలీ మనిషినో చెట్టుకు కట్టేస్తారు. మంత్రం పలకకుండా పళ్లు రాలగొట్టిన ఘోరాలు తెలంగాణ జిల్లాల్లో జరిగాయి. పక్కనే ఉన్న బావి నీళ్లు పరీక్ష చేయించాలని ఎవరికీ తట్టదు. బాధ నిజం, వేలు చూపించిన దిక్కే అబద్ధం.

నల్లగొండ నీళ్లనే తీసుకో. మర్రిగూడ, మునుగోడు దిక్కు కాళ్లు వంకర్లు పోయి, నడుం వంగి, నడవలేక పాకిన మనుషులను నేను కలిశాను. పూర్వజన్మ పాపం అన్నవాళ్లున్నారు, శాపం అన్నవాళ్లున్నారు. కారణం బోరు నీళ్లలోని ఫ్లోరైడ్. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు, ఇక్కడ దానికి ఎన్నో రెట్లు ఉండేది. కొలిస్తే తెలిసే సంగతి, తెలిసిన తర్వాత కూడా ఎన్ని ప్రభుత్వాలు సాగదీశాయో జిల్లా అంతా చూసింది.

ఆ సాగదీతకు జనం ఇచ్చిన జవాబు 1996 లోక్‌సభ ఎన్నిక. నల్లగొండ స్థానానికి 480 మంది నిలబడ్డారు. చాలామంది నీళ్ల కోసం నిరసనగా నామినేషన్ వేసినవాళ్లే. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎన్నికల సంఘం పోలింగు వాయిదా వేయాల్సి వచ్చింది. చివరికి సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. అసలు గమనించాల్సింది తర్వాత జరిగింది. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు, స్వతంత్ర అభ్యర్థిని ప్రతిపాదించడానికి పది మంది సంతకాలు కావాలన్నారు. పేదోడు మళ్లీ అట్ల నామినేషన్ వేయకుండా తలుపు వేసేశారు. వేసింది ఇంగోల్‌స్టాట్ సంఘం కాదు. పట్టపగలు, ఢిల్లీలో, గెజిట్‌లో అచ్చేసి వేశారు. చదివినోళ్లు ఎంతమంది?

చిన్నాయన పత్తి రైతు అన్నావు గదా, ఇంకోటి ఆయన ఇంట్లోదే చెప్తా. 2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు, ఆ పైన పలికింది. అందులో 1,250 దాకా టెక్నాలజీ ఫీజు పేరుతో మోన్సాంటో వాళ్ల భాగస్వామ్య కంపెనీకే పోయేది. అమెరికా కంపెనీ, విత్తనం మీద పెత్తనం, నోరెత్తలేని రైతు. వీడియోవాళ్ల కథకు ఇంతకన్నా సరిపోయే సరుకు ఉండదు. కానీ ఏం జరిగింది? 2006 మొదట్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల మీద విచారించే ఎం.ఆర్.టి.పి. కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఇదే విత్తనానికి చైనాలో ఎంత, ఇక్కడెంత అని లెక్క అడిగారు. మే నెలలో ఫీజు తగ్గించాలని కమిషన్ ఆదేశించింది. రాష్ట్రం ప్యాకెట్టు 750కి మించొద్దని ధర కట్టింది. వేరే రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. కంపెనీ కోర్టులకెక్కింది, గింజుకుంది, అయినా ధర దిగింది. 2018లో ఆ మోన్సాంటోనే జర్మనీ కంపెనీ బేయర్ కొనేసింది, పేరు కూడా మిగల్లేదు.

ధర తగ్గగానే పత్తి రైతు బతుకు బాగుపడిందని నేననను. గులాబీ పురుగు వచ్చింది, నకిలీ విత్తనాలు వచ్చాయి, అడ్తిదారు వడ్డీ అట్లనే ఉంది. కానీ ఆ గెలుపు ఎట్ల వచ్చిందో చూడు. ఎంత తీసుకుంటున్నారో కాగితం మీద పెట్టి, ఎవరు తీసుకుంటున్నారో పేరు రాసి, ఎక్కడ అడగాలో అక్కడ అడిగారు. "అంతా ఆ పదమూడు కుటుంబాల చేతుల్ల ఉన్నది" అని ఊరుకుని ఉంటే 1,600కే కొంటుండేవాళ్లం.

దావోస్ గురించి కూడా అడిగావు. వరల్డ్ ఎకనామిక్ ఫోరం 1971లో క్లాస్ ష్వాబ్ పెట్టిన సంస్థ. ప్రపంచ ధనవంతులు, మంత్రులు ఏటా స్విట్జర్లాండ్ కొండల్లోని దావోస్‌లో కూడుతారు. రహస్య సభ అంటే నవ్వొస్తుంది, మన రెండు తెలుగు రాష్ట్రాలు పోటీపడి పోయే సభ అది. వంగూరు మండలం కొండారెడ్డిపల్లికి చెందిన రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయిన నెల దాటగానే, 2024 జనవరిలో అక్కడున్నారు. ఎంత పెట్టుబడి వచ్చిందో పేపర్లలో మొదటి పేజీ ప్రకటనలు వచ్చాయి. అందులో ఎన్ని ఒప్పందాలు నేలమీదికి వచ్చాయని అడగడం చిన్నాయనకు పనికొచ్చే ప్రశ్న. బిల్డర్‌బర్గ్ అని ఇంకోటుంది, 1954 నుంచి నడుస్తోంది. వచ్చినవాళ్ల పేర్లు తమ వెబ్‌సైట్లో పెడతారు, లోపల ఎవరేం అన్నారో మాత్రం చెప్పరు. అది నాకూ నచ్చదు. డబ్బున్నోళ్లు, పదవులున్నోళ్లు తలుపులేసుకుని మాట్లాడుకుంటే మనకు మంచి జరగదన్న అనుమానం న్యాయమే. కానీ అట్ల కూడినోళ్లు అనుకున్నదల్లా జరిపించుకోలేరు. 2016లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వదలొద్దని పెద్ద బ్యాంకులు, కంపెనీలు మొత్తుకున్నా జనం వదలాలనే ఓటేశారు. 2008లో లేమాన్ బ్రదర్స్ అంత బ్యాంకు దివాలా తీస్తుంటే తోటి బ్యాంకులు దాన్ని నిలబెట్టలేదు.

కుట్రలే ఉండవని మాత్రం చిన్నాయనతో అనకు. ఉంటాయి. 1953లో ఇరాన్‌లో ప్రధాని మొసాదెక్‌ను దింపింది అమెరికా, బ్రిటన్ గూఢచారులే. అమెరికాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా నల్లజాతి పేద రైతులకు సిఫిలిస్ ఉందని తెలిసీ, మందు ఉండీ, ఇవ్వకుండా పరీక్షలు చేశారు. మన దగ్గర ఎన్నికల బాండ్లు చూడు. ఎవరు ఏ పార్టీకి ఎంతిచ్చారో ఓటరుకు తెలియకుండా చట్టమే చేసి 2018 నుంచి నడిపారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది, మార్చిలో జాబితా ఎన్నికల సంఘం వెబ్‌సైట్లోకి వచ్చింది. కొన్నవాళ్లలో రెండో స్థానం, 966 కోట్లతో, మన హైదరాబాద్‌లోని మేఘా ఇంజనీరింగ్‌ది. నిజం కుట్రల లక్షణాలు వీటిలో కనిపిస్తాయి. పని ఒకటే ఉంటుంది, చేసినోళ్లకు పేర్లుంటాయి, తేదీ ఉంటుంది, డబ్బు పోయిన దారి ఉంటుంది, చివరికి ఎవరో ఒకరు కాగితం బయటపెడతారు. వీడియోల కుట్రకు ఇవేవీ ఉండవు. దానికి వ్యతిరేకంగా సాక్ష్యం చూపిస్తే "చూసినవా, ఎంత బాగ దాసిండ్రో" అంటారు. ఏ సాక్ష్యానికీ లొంగని మాటను కోర్టులో ఏ మేజిస్ట్రేటూ రాసుకోడు.

ఇక మాట్లాడటం ఎట్ల అంటావా. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నాకు తెలిసిన ఒక రైతు ఇట్లాగే మొదలుపెట్టిండు. "సార్, అంతా ముందే రాసిపెట్టినరంట. మనం ఓటేసుడు ఉత్తదేనంట." నేను వాదించలేదు. "మీ పొలానికి కాల్వ రావద్దని ఆపింది ఎవరే?" అన్నా. ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు. కాంట్రాక్టరు పేరు, బిల్లు ఆగిన సంగతి, కాల్వ అలైన్‌మెంటు మార్పించిన లీడరు, ఆ లీడరు బామ్మర్ది కొన్న భూమి సర్వే నంబరుతో సహా చెప్పిండు. "మరి ఇందులో ఆ పదమూడు కుటుంబాలోళ్లు ఎవరు?" అంటే నవ్విండు. "గాళ్లకు మా ఊరి తొవ్వ గూడ తెల్వదు సార్" అన్నడు. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు, రాసుకోవడానికి నేను సాయం చేస్తా అన్నా. మళ్లీ వచ్చిండు, వీడియో ఊసెత్తలేదు, అలైన్‌మెంటు మ్యాపు ఎవర్ని అడగాలె అన్నడు.

నువ్వూ అట్లనే చెయ్. గ్రూపులో పదిమంది ముందు దిద్దకు, పెద్దమనిషి పట్టుదలకు పోతాడు. పొలం దగ్గర కలిసినప్పుడు ఒక్క వీడియో పట్టుకో, అన్నీ వద్దు. ఇది ఎవరు చేసిండ్రు, ఎప్పటిది, ఈ పేర్లు ఎక్కడ దొరుకుతయి అని నిజంగా తెలుసుకునేవాడిలాగా అడుగు. తెలంగాణ సంగతులైతే ఆయనకే ఎక్కువ తెలుసు, అక్కడ ఆయన్నే చెప్పనియ్. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల ముచ్చట ఆయనకు గుర్తుండే ఉంటుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సర్వేకు సూత్రప్రాయంగా అనుమతి ఇచ్చిన సంగతి అటవీ సలహా కమిటీ మినిట్స్‌లో ఉంది, ఎవరైనా చదవొచ్చు. చదివినవాళ్లు ఊరూరా చెప్పారు, గొడవైంది, సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. ఇల్యూమినాటి వీడియో చూసినంత సేపట్లో ఆ మినిట్స్ రెండుసార్లు చదవొచ్చు.

ఆయన ఒక్కరోజులో మారడు, అసలు మారకపోవచ్చు కూడా. డాలరు నోటు మీద కన్ను ఎవరిదన్న దాని మీద మీ ఇద్దరికీ పడకపోతే వచ్చే నష్టం పెద్దగా లేదు. రెండు చోట్ల మాత్రం ఊరుకోవద్దు. ఒకటి డబ్బు. అట్లాంటి వీడియో చివరిదాకా చూడు, చాలాసార్లు ఏదో అమ్ముతుంటారు. "బ్యాంకులు కూలిపోతాయి, మా దగ్గర పెట్టండి" అనేవాళ్లు, పెయిడ్ గ్రూపులో చేరమనేవాళ్లు ఉంటారు. పత్తి డబ్బులు చేతికొచ్చే రోజుల్లో కన్నేసి ఉంచు. రెండోది మందులు. కరోనా టీకాలో చిప్పుందని ఊళ్లకు ఊళ్లు ఆగిన రోజులు చూశాం. ఇప్పుడు షుగరు, బీపీ గోలీలు మందుల కంపెనీల కుట్ర అని చెప్పే వీడియోలు వీటితోపాటే వస్తున్నాయి. ఆయనను అడిగితే చెప్పడు, మీ చిన్నమ్మను అడుగు, గోలీలు సరిగ్గా వేసుకుంటున్నాడా లేదా అని. మానేసి ఉంటే ఇల్యూమినాటి వాదన పక్కనపెట్టి, ఈ వారమే ఆయన నమ్మే డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకుపో.